ముప్పయ్యో సీసా

తరమణి ల్యాబులో నా పని కుదపడం.
తోలు చుట్టిన దిమ్మ మీద సీసాకి పది దెబ్బలు,
ఒకే ఎత్తు నుంచి, ఒకే ఊపున.
అందులోంచి ఒక చుక్క తీసి
తొంభైతొమ్మిది చుక్కల నీళ్లలో వదిలి
మళ్లీ పది దెబ్బలు.
రెండో సీసాకే రంగు పోతుంది.
మూడోదానికి వాసన.
పన్నెండు దాటాక మందు అణువు ఒక్కటి మిగిలినా
అది లాటరీ తగిలినట్టే.
ముప్పయ్యో సీసాకి మిగిలేది
చీటీ మీద పేరు.

ఆ పేరూ ఉంచడు దేవసహాయం.
పీకేసి అంకె అంటిస్తాడు.
ఏ అంకె ఏ సీసాదో రాసిన కాగితాన్ని
కవర్లో పెట్టి, లక్క వేసి, మేడమ్ బీరువాలో దాస్తాడు.
"నీ చేతికి తెలిస్తే
నీ కళ్లు మొహమాటపడతాయక్కా" అంటాడు.

నీళ్ల సంగతి మాత్రం నాకు తెలుసు.
కండలేరు నుంచి కాలవ పట్టుకొని
పూండిలో దిగి, పైపుల్లో పడి
ఈ ఊరొచ్చిన కృష్ణ నీళ్లు,
సూళ్లూరుపేట నుంచి రోజూ నేనొచ్చినట్టే,
దారంతా నిలబడి.
నీటికి జ్ఞాపకమే ఉంటే
ఈ కుళాయి ఈపాటికి తెలుగు మాట్లాడాలి,
నెల్లూరు యాసలో, కాస్త గట్టిగా.
శుద్ధియంత్రం ఒప్పుకోదు.
ఉప్పూ సున్నమూ ఊరూ పేరూ గుంజుకొని
తెర మీద పద్దెనిమిది పాయింట్ రెండు వెలిగితే గానీ
మేడమ్ వాటిని నీళ్లనదు.

గురువారం గురువారం పెరంబూరు నుంచి
పట్టాభిరామన్ డాక్టరు వచ్చేవాడు.
మూలద్రవం ఇచ్చింది ఆయనే.
గొడుగు తలుపుకి ఆనించి
స్టూలు ఖాళీగా ఉన్నా అట్టపెట్టె మీద కూర్చొని
"ఏమైనా కనబడిందామ్మా?"

ఆషాఢంలో కనబడింది.
ఊదారంగుకి అవతల, కంటికందని చోట,
కొన్ని అంకెల గీత
ఉట్టి నీళ్ల గీతకి బెత్తెడు పైన.
కరెంటూ వాటిలో చురుగ్గా పారింది.
మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.
కవరు విప్పితే అవన్నీ ముప్పయ్యో సీసాలే.
ఆ రాత్రి రైల్లో పొన్నేరి దాటినా కునుకు రాలేదు.
నా దెబ్బలు నీళ్లకి గుర్తున్నాయి, అనుకున్నాను.
అలా అనుకోవడం ఎంత బాగుంటుందో
పరిశోధన పత్రాల్లో ఎవరూ రాయరు.

మేడమ్ ఒక్కటే అడిగింది.
"ఉట్టి నీళ్లని కూడా అలాగే కుదిపావా?"

కుదిపాను.
మందు మొహం చూడని నీళ్లని
ముప్పై సీసాలు, మూడొందల దెబ్బలు.
భుజం పట్టేసింది.
గీత లేచింది, అంతే ఎత్తుకి.
ప్లాస్టిక్ సీసాల్లో పోసి మళ్లీ మొదలుపెట్టాను.
మందువీ, ఉట్టివీ,
గీతలు రెండూ పక్కపక్కనే పడుకున్నాయి.
గాజు.
దెబ్బ దెబ్బకీ గోడ ఇంత కరిగి
కాస్త సోడియం, కాస్త ఇసుక నీళ్లలోకి దిగుతోంది.
మందు కోసం వెతికితే
సీసా దొరికింది.

మేడమ్ ఢిల్లీలో ఉంది. చెప్పాల్సింది నేనే.
ఆయన కళ్లజోడు నుదుటికెత్తి
గ్రాఫుని రెండు చేతులతో పట్టుకొని
పెళ్లిపత్రికలా అక్షరమక్షరం చదివాడు.
కోపం లేదు. ఒప్పుకున్నాననీ అనలేదు.
జేబులోంచి గోళీల సీసా తీసి
కిటికీ వెలుగులో అడ్డంగా తిప్పాడు,
గోళీలు వదిలేసి గోడని చూస్తూ.
"ఇది ఏ కంపెనీ గాజో" అన్నాడు తమిళంలో,
"నలభయ్యేళ్లలో ఒక్క రోగీ అడగలేదు.
నేనూ అడగలేదు."
గొడుగు మరిచిపోయి వెళ్లాడు.

తర్వాతి గురువారం వచ్చాడు.
గొడుగు కోసమే అనుకున్నాను.
గుడ్డసంచి బల్ల మీద దింపాడు,
గలగలమని ఖాళీ సీసాలు,
ఆకుపచ్చవి, గోధుమరంగువి, మూతల్లేనివి,
ఒకదాని మీద ఇంకా ఎవరిదో పేరు.

"వీటినీ కుదిపి చూడమ్మా."

దేవసహాయం అంకెల కోసం సొరుగు లాగాడు.